గీత పడిందా, కోడలా?

అబిడ్స్ జీపీఓ దగ్గర బస్సు దిగి నాంపల్లి స్టేషన్ దాకా నడవండి. దారి పొడుగునా ఆడవాళ్ల కడుపుల గురించి వాళ్లకన్నా ఎక్కువ బెంగపెట్టుకున్న గోడలు కనిపిస్తాయి. కరెంటు డబ్బా మీద నాలుగు రంగుల కాగితం: సంతానం లేదా, దిగులు వదలండి. ఆటో వెనకాల ఇంకోటి: వంశపారంపర్య వైద్యం, ఫలితం గ్యారంటీ. తలెత్తితే హోర్డింగు మీద బొద్దుగా ఓ పాపాయి, ఆ పక్కనే వాయిదాల సదుపాయం. పాపాయి పాలలా తెల్లగా, నీలికళ్లతో ఉంటుంది. మన బస్తీలో అలాంటి పిల్ల పుడితే ముందు తండ్రెవరని అడుగుతారన్న సంగతి ఆ ఫ్లెక్సీ వేయించినవాడికి తోచలేదు.

ఇలాంటి ప్రకటనలు వేయకూడదని పార్లమెంటు 1954లోనే చట్టం చేసింది. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం. ఫలానా రోగాలు కనిపెడతామనీ నయం చేస్తామనీ మందుల ప్రచారం చేసుకోకూడదని ఒక జాబితా ఇచ్చారు. అందులో ‘స్త్రీలలో వంధ్యత్వం’ ఉంది. పురుషులలో వంధ్యత్వం లేదు. నపుంసకత్వాన్ని వేరే పద్దు కింద రాశారు గానీ, పిల్లలు పుట్టకపోవడమనే సమస్య మాత్రం ఆ చట్టం కంటికి కూడా చీరకట్టుకునే కనిపించింది. డెబ్బై ఏళ్లు దాటాయి. చట్టమూ అలాగే ఉంది, గోడలూ అలాగే ఉన్నాయి. ఒకరి జోలికి ఒకరు పోకుండా చక్కగా కాపురం చేసుకుంటున్నాయి.

ఇప్పుడు ఆ గోడ నాలుగడుగులు ముందుకేసి ఫోన్లోకి వచ్చింది. భాష మారింది, బట్టలు మారాయి. ‘సంతానం లేదా’ అని నిలదీయదు. ‘మీ శరీరం గురించి మీరు తెలుసుకోండి’ అని ముద్దుగా పలుకుతుంది. లేత గులాబీ రంగు డబ్బా ఇంటికొస్తుంది. అందులో మూత్రంలో ముంచే స్ట్రిప్పులు, కొన్నింటిలో ఫోనుకు తగిలించే చిన్న యంత్రం, కొన్నింటిలో వేలు గుచ్చుకునే సూది. లేదంటే పొద్దున ఆరింటికే బైకు మీద ఒక కుర్రాడు వచ్చి, మీరింకా పళ్లయినా తోముకోకముందే రక్తం తీసుకుపోతాడు. సాయంత్రానికి రిపోర్టు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఏఎంహెచ్. తక్కువైతే కిందికి ఎర్ర బాణం, ఎక్కువైతే పైకి ఎర్ర బాణం. ఎటు తిరిగినా బాణం ఆమెకే గుచ్చుకుంటుంది.

న్యాయం కోసం ఒక మాట చెప్పుకోవాలి. ఆ డబ్బాలోవన్నీ దొంగ సరుకు కాదు. ఎల్‌హెచ్ స్ట్రిప్‌నే తీసుకోండి. అండం విడుదలకు ఒక రోజు, రోజున్నర ముందు ఒంట్లో ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది మూత్రంలోకి దిగుతుంది. స్ట్రిప్ ముంచితే గీత ముదురుతుంది. నెలలో ఏ రెండు మూడు రోజులు ముఖ్యమో తెలుస్తుంది. ఈ పని అది బాగానే చేస్తుంది. పంతులుగారు పెట్టిన గర్భాధాన ముహూర్తం కన్నా నయంగా చేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ప్రెగ్నెన్సీ స్ట్రిప్, ఈ స్ట్రిప్ చూడ్డానికి కవలలు. చదివే పద్ధతి మాత్రం తలకిందులు. ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌లో రెండో గీత ఎంత లేతగా పడ్డా పడ్డట్టే లెక్క. అండం స్ట్రిప్‌లో రెండో గీత పక్క గీతంత ముదురుగా ఉంటేనే లెక్క, లేతగా ఉంటే ఏమీ లేనట్టే. బాత్రూంలోంచి ఏ స్ట్రిప్ బయటికొచ్చిందో తెలియని అత్తగారు లేత గీత చూసి కొబ్బరికాయ కొట్టించారే అనుకోండి, తప్పు ఆవిడది కాదు. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో ఎల్‌హెచ్ ఎప్పుడూ కాస్త ఎత్తులోనే ఉండొచ్చు. అలాంటప్పుడు స్ట్రిప్ రోజుకో శుభవార్త చెబుతూ పోతుంది, అండం మాత్రం రాదు. డబ్బా మీద పాపాయి బొమ్మ పెద్దది, ఈ సంగతి రాసిన అక్షరాలు చిన్నవి. ఇంకో ముచ్చట. జుట్టు ఊడుతోందని మింగే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్ పరీక్షల అంకెలను తారుమారు చేస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక చేసింది. మన దగ్గర రక్తం తీసుకునే కుర్రాడు ‘పరగడుపేనా మేడమ్’ అని మాత్రం అడుగుతాడు.

ఆ స్ట్రిప్ కొనడం ఎంత పెద్ద సాహసమో అబిడ్స్‌లో ఒక మందుల షాపు ముందు నిలబడి చూశాను. షాపు పేరెందుకు, అన్నీ అంతే. సాయంత్రం రద్దీ. ఒకావిడ కౌంటరు మీదికి వంగి నెమ్మదిగా అడిగింది.

“అన్నా, ఓవ్యులేషన్ స్ట్రిప్ ఉందా?”

“ప్రెగ్నెన్సీదా మేడమ్?”

“కాదన్నా, దానికంటే ముందుది.”

“ముందుదా...” కుర్రాడు పై అర చూశాడు, కింది అర చూశాడు, లోపలికి కేకేశాడు. “సేఠ్, పిల్లలయ్యే టెస్టు ఉందా మన దగ్గర?”

షాపు ముందు జనమంతా తిరిగి చూశారు. బీపీ గోళీల కోసం వచ్చిన ముసలాయన కళ్లజోడు సవరించుకున్నాడు. సరుకు దొరికింది. దాన్ని ముందు పాత పేపర్లో చుట్టి, పైన నల్ల కవరేసి, కవరు మూతికి ముడేసి ఇచ్చాడు. నాటు బాంబు కూడా అంత భద్రంగా కట్టరు. ఆమె పక్కనే నిలబడ్డ పెద్దమనిషి గుర్రం బొమ్మ ఉన్న క్యాప్సూళ్ల డబ్బా అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చదివి, కవరు వద్దని చెప్పి, చొక్కా జేబులో బొమ్మ బయటికి కనిపించేలా పెట్టుకుని పోయాడు.

ఇక అసలు సరుకు, ఏఎంహెచ్. దీని పుట్టుపూర్వోత్తరాలు మన అత్తగార్లకు తెలిస్తే బాగుండు. 1940ల్లో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కుందేలు పిండాల మీద పనిచేస్తూ ఒక విషయం కనిపెట్టాడు. మగపిండం వృషణాల నుంచి ఊరే ఒక పదార్థం, గర్భసంచిగా తయారవ్వాల్సిన నాళాలను కరిగించేస్తుంది. ఆ పదార్థమే ఏఎంహెచ్. అంటే మగబిడ్డ కడుపులో గర్భసంచి మొలవకుండా చూడటం ఈ హార్మోను మొదటి ఉద్యోగం. తర్వాత డెప్యుటేషన్ మీద ఆడవాళ్ల రిపోర్టుల్లోకి వచ్చి, ఇప్పుడు కోడళ్ల జాతకాలు రాస్తోంది.

అది నిజంగా చెప్పేదేమిటి? అండాశయంలో మిగిలిన చిన్నచిన్న అండకోశాలు ఎన్ని ఉండొచ్చో ఒక అంచనా. ఐవీఎఫ్ చేసే డాక్టరుకు ఇంజెక్షన్ మోతాదు ఎంత వేయాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. కానీ గాదెలో ఎన్ని బస్తాలున్నాయో చెప్పినవాడు ఈ పూట అన్నం ఎలా ఉడుకుతుందో చెప్పలేడు. ఆడపిల్ల పుట్టినప్పుడే పది, ఇరవై లక్షల అండాలతో పుడుతుంది. పెద్దమనిషి అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు. నెలకు కావలసింది ఒక్కటి. అది బాగుందా లేదా అన్నది వయసు చెబుతుంది గానీ ఈ అంకె చెప్పదు.

ఇది నా ఇంటి వైద్యం కాదు. 2017లో అమెరికాలో యాన్ స్టైనర్ బృందం 750 మంది ఆడవాళ్లను పరిశీలించింది. అందరూ 30 నుంచి 44 ఏళ్ల మధ్యవాళ్లు, అంతకుముందు సంతాన సమస్య లేనివాళ్లు, పిల్లల కోసం అప్పుడే ప్రయత్నం మొదలుపెట్టినవాళ్లు. ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లూ, సరిపడా ఉన్నవాళ్లూ దాదాపు ఒకే తీరున నెల తప్పారు. ఫలితాలు ‘జామా’ పత్రికలో వచ్చాయి. 2019లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం తేటగా చెప్పేసింది: సంతాన సమస్య లేని ఆడవాళ్లకు వాళ్ల భవిష్యత్తు చెప్పడానికి ఈ పరీక్ష వాడకండి. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నప్పుడు ఈ అంకె కిందికి దిగుతుంది కూడా. ఇవేవీ లేత గులాబీ డబ్బాకు తెలియనివి కావు. తెలిసే అమ్ముతోంది. భయానికి వారంటీ అక్కర్లేదు కదా.

రిపోర్టు వచ్చాక జరిగే కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఇద్దరు కోడళ్లున్న ఇల్లు ఊహించుకోండి. చిన్న కోడలు చిరాగ్ అలీ గల్లీలో ఉంటుంది, పెద్ద కోడలు లండన్‌లో. ఇద్దరి ఏఎంహెచ్ రిపోర్టులూ ‘మన ఫ్యామిలీ’ వాట్సాప్ గ్రూపులో పడతాయి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడక్కండి. గ్రూపు ఉన్నదే అందుకు.

“పెద్దదానికి 10.7 వచ్చిందంట,” అంటుంది అత్తమ్మ. “మన చిన్నదానికి 1.5.”

“ఏడింతలు తేడా అక్కా!” మేనత్త ఏడుపు బొమ్మ పెడుతుంది.

“అక్కడి నీళ్లు, అక్కడి పాలు. ఇక్కడ ఏముంది, దుమ్ము తప్ప.”

“చిన్నది పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటది. నేను ముందే చెప్పిన.”

మామయ్యగారు దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఆ రాత్రికి చిన్న కోడలి భోజనంలోంచి బొప్పాయి, నువ్వులు మాయమవుతాయి, తెల్లారేసరికి తలగడ కింద తాయెత్తు మొలుస్తుంది. లండన్ కోడలికి అభినందనలు. ఎవరూ గమనించని సంగతి ఒకటే. లండన్ ల్యాబు పికోమోల్ లెక్కన రాస్తుంది, మన ల్యాబు నానోగ్రాముల్లో. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే లీటరుకు 7.14 పికోమోల్. 1.5ను దాంతో హెచ్చవేస్తే 10.7. ఇద్దరిదీ ఒకటే అంకె, ఒకటే అండాశయం అన్నట్టు. ఇంటికో ఇంజినీరును కన్న జాతి మనది. ఒక్కడికీ అంకె పక్కనున్న యూనిట్ చదవాలని తోచదు. ఎంసెట్‌లో ఆ తప్పు చేస్తే మాత్రం చెంప పగిలేది.

ఈ అంకెకు ఇంత గిరాకీ ఉన్నప్పుడు దాన్ని వాట్సాప్‌కే వదిలేయడం దేనికి? నాదొక సలహా. మ్యారేజ్ బ్యూరోల వాళ్లు బయోడేటాలో గోత్రం, నక్షత్రం, ప్యాకేజీ తర్వాత ఏఎంహెచ్ అని ఒక గడి పెట్టాలి. పెళ్లిచూపుల్లో పాట పాడమనే కాలం పోయింది, వంట వచ్చా అని అడిగితే అమ్మాయి స్విగ్గీ చూపిస్తుంది. ఆ ఖాళీలో ఒక స్ట్రిప్ ఇచ్చి లోపలికి పంపొచ్చు. ఈలోగా కాఫీలు, జీడిపప్పు పకోడీ. మూడుకు పైనుంటే కట్నంలో పది శాతం రాయితీ, ఒకటికి దిగితే కారు అదనం, ఒకటికి కింద అయితే జాతకాలు కలవలేదని కబురు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువుంటే మధ్యవర్తి కమిషన్ కోత. తేడాలొస్తే ఎటూ నాంపల్లి క్రిమినల్ కోర్టులు నడిచే దూరంలోనే ఉన్నాయి.

వరుడి గడిలో ఏం రాయాలి? ఏమీ అక్కర్లేదు. వరుడికి ఉద్యోగముంది.

అసలు గొడవంతా అక్కడే ఉంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యం ఎప్పటినుంచో చెబుతోంది. మగవాడి పరీక్ష ఎంత సులువో తెలుసా? సూది లేదు, రక్తం లేదు, నెలసరి రెండో రోజు, ఇరవై ఒకటో రోజు అని క్యాలెండరు గొడవ లేదు. మూతున్న ఒక ప్లాస్టిక్ డబ్బా, తలుపేసుకునే ఒక గది. ఖర్చు ఆడవాళ్ల హార్మోన్ ప్యాకేజీలో చిన్న ముక్కకు సరిపోతుంది. అయినా మన ఇళ్లలో వరస ఏమిటి? మొదట కోడలికి ఎల్‌హెచ్ స్ట్రిప్పులు. తర్వాత రక్తం. ఆ తర్వాత స్కానింగు. ఆ తర్వాత ట్యూబుల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే. ఆ తర్వాత పుట్టింటివాళ్లను పిలిపించి మాట్లాడటం. చివరికి ఓ లేడీ డాక్టరు ‘మీ ఆయన్ని ఒకసారి పంపండమ్మా’ అంటే, ఆయనకు ఆ వారమంతా మీటింగులు. అత్తమ్మ గర్జిస్తుంది: “మావోడికేం తక్కువ? మా వంశంలో అలాంటోళ్లు లేరు.” వంశంలో అందరూ తండ్రులే, నిజమే. తండ్రులు కానివాళ్లు వంశవృక్షంలో కొమ్మ వేయరు కాబట్టి లెక్కలోకి రారు.

చట్టానికీ ఇదే మర్యాద తెలుసు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం సంతాన చికిత్స తీసుకోవడానికి ఆడవాళ్లు యాభై లోపు ఉండాలి, మగవాళ్లు యాభై అయిదు లోపు. మగాళ్లకు ఎటూ మరో అయిదేళ్ల గడువు. మీటింగులు అయిపోవద్దూ.

ఇక్కడే నాంపల్లి దగ్గర కాసేపు ఆగాలి. అబిడ్స్‌కు దగ్గరలోనే మొజంజాహి మార్కెట్. గడియారం బురుజు, రాతి కమానులు, ఐస్‌క్రీం దుకాణాలు. నిజాం ఏలుబడిలో 1930ల్లో పండ్ల మార్కెట్‌గా కట్టారు. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. నాంపల్లి దాటి రెడ్‌హిల్స్ వైపు తిరిగితే నీలోఫర్ ఆసుపత్రి. అది ఆ మొజంజా భార్య పేరు. రెండింటికీ మధ్య ఆటోలో పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాల్లో ఒక కాపురం మొత్తం ఉంది.

నీలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది, ఉస్మానియా సుల్తానుల ఇంటి పిల్ల. టర్కీలో ఖలీఫా పదవి రద్దయి, ఆ కుటుంబాన్ని దేశం నుంచి వెళ్లగొట్టాక ఫ్రాన్స్‌లో పెరిగింది. 1931లో అక్కడి నీస్ నగరంలో రెండు పెళ్లిళ్లు జరిగాయి. ఆమె దగ్గరి బంధువు దుర్రేషెవార్‌కు నిజాం పెద్ద కొడుకుతో, ఈమెకు రెండో కొడుకుతో. పెద్ద కోడలికి ఇద్దరు కొడుకులు పుట్టారు. చిన్న కోడలికి కాలేదు. ఇక మీరు ఊహించుకోండి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ మామగారి ఇంట్లో, పక్కనే తోడికోడలి ఒళ్లో వారసుడు ఆడుకుంటుంటే, పెద్ద కోడలు, చిన్న కోడలు అన్న లెక్క ఎలా నడిచి ఉంటుందో. వాట్సాప్ లేదు గానీ జనానా ఉంది. ఆమె యూరప్‌లో డాక్టర్ల చుట్టూ తిరిగింది. అప్పటికి హార్మోన్ పరీక్షలంటే పరిశోధనశాలల్లో మూత్రాన్ని ఎలుకలకు, కప్పలకు ఎక్కించి చూడటం. 1948లో మొజంజా ఇంకో పెళ్లి చేసుకున్నాడు, కూతుళ్లు పుట్టారు. ‘చూశారా, లోపం ఈమెదే’ అని ఊరంతా తీర్పు చెప్పేసి చెయ్యి దులుపుకునే ఉంటుంది. 1952లో విడాకులు.

ఈలోగా, 1949లో, ఆమె దగ్గర పనిచేసే రఫతున్నిసా అనే ఆమె ప్రసవంలో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే తల్లులకు, పిల్లలకు ఆసుపత్రి కావాలని నీలోఫర్ పట్టుబట్టిందని చెబుతారు. 1953లో ఆసుపత్రి మొదలైంది. ఈమె మాత్రం ఊరు వదిలి యూరప్ వెళ్లిపోయింది, 1989లో పారిస్‌లో కన్నుమూసింది. ఇప్పుడు తెలంగాణ పల్లెల్లో పిల్లకు ఊపిరాడకపోతే అర్ధరాత్రి అంబులెన్స్‌లో తల్లి నోట వచ్చే ఊరి పేరు, ఆసుపత్రి పేరు రెండూ అదే: నీలోఫర్. ఆ చుట్టుపక్కల ఛాయ్ హోటలుక్కూడా ఆ పేరే. మొజంజా పేరు మార్కెట్‌కు మిగిలింది, జనం దాన్ని కూడా ఎంజే మార్కెట్ చేసేశారు.

ఆనాడు ఏఎంహెచ్ డబ్బా ఉండి ఉంటే నీలోఫర్‌కు మేలు జరిగేదా? నాకైతే నమ్మకం లేదు. తీర్పు ముందే రాసిపెట్టి ఉన్న చోట అంకె చేసే పనల్లా ఆ తీర్పు కింద ముద్ర వేయడమే. దర్బారుకు కారణం దొరికేది, ఆమెకు బిడ్డ దొరికేది కాదు.

సర్కారు వారి సంగతి చెప్పుకోకపోతే బాగుండదు. నలభై ఏళ్లు ‘ఇద్దరు చాలు’ అని గోడల మీద ఎర్ర త్రికోణాలు గీయించారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో, తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో పదింట ఆరుగురు ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల సంఖ్య చెప్పుకుంటే సిగ్గుచేటు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు ఆ ఆపరేషన్లు చేశారు, నలుగురు చచ్చిపోయారు. అదే సర్వేలో తెలంగాణ స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రలో 1.7. ఇప్పుడు గుండెలు బాదుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికల్లో నిలబడాలంటే ఇద్దరికి మించి పిల్లలుండకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఎత్తేశారు. ముఖ్యమంత్రిగారు ఎక్కువమందిని కనండని సభల్లో చెబుతున్నారు. ఆపమన్నప్పుడు కత్తి ఆమె కడుపు మీదే, కనమన్నప్పుడు సూది ఆమె చేతికే. భర్తగారు రెండుసార్లూ మీటింగులోనే ఉన్నారు.

అంకె చూసి బెదిరిన జనం ఎక్కడికి పోతారు? కొందరు గుడికి. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో గరుడ ప్రసాదం తింటే సంతానం కలుగుతుందని వార్త పాకి, ఎండలో జనం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరారు, ఆ రోడ్డు మొత్తం ట్రాఫిక్ ఆగిపోయింది. ఆ ఫొటోలు చూసి చదువుకున్నవాళ్లం తెగ నవ్వుకున్నాం. నవ్వుకుంటూనే ఫోన్లో హార్మోన్ ప్యాకేజీ బుక్ చేసుకున్నాం. ప్రసాదానికి నెలవారీ చందా లేదు, పాస్‌వర్డ్ కూడా లేదు. ఇంకొందరు క్లినిక్‌లకు పోతారు. మంచివి చాలా ఉన్నాయి, అవి ఊరికే భయపెట్టవు. కానీ 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక కేంద్రం మీద కేసు బయటికొచ్చింది. సరోగసీలో పుట్టిన మీ బిడ్డే అని లక్షలు గుంజి, ఒక జంట చేతిలో వేరేవాళ్ల బిడ్డను పెట్టారని పోలీసుల అభియోగం. అనుమానం వచ్చి వాళ్లు డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే గుట్టు తెలిసింది. ఆ పరీక్షకు మాత్రం ఎవరూ గులాబీ డబ్బా అమ్మలేదు.

ఇంటి పరీక్షలంటేనే నాకు కడుపుమంట అనుకోకండి. 1967లో అమెరికాలో మార్గరెట్ క్రేన్ అనే గ్రాఫిక్ డిజైనర్ ఒక మందుల కంపెనీలో పనిచేస్తూ, ల్యాబులో వరసగా పెట్టిన ప్రెగ్నెన్సీ పరీక్ష గొట్టాలు చూసింది. ఇది ఆడవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అనుకుంది. కంపెనీ పెద్దలు ససేమిరా అన్నారు. ఆడదానికి నిజం తెలిస్తే తట్టుకోలేదట. చివరికి పేటెంటు ఆమె పేరుతోనే వచ్చింది, హక్కులు ఒక్క డాలరుకు రాయించుకున్నారు, ఆ డాలరు కూడా తనకు అందలేదని ఆమె చెప్పింది. ఈరోజు మన ఆశా కార్యకర్త సంచీలో ‘నిశ్చయ్’ కిట్టు ఉచితంగా ఉంటుంది. ఆ గీత గొప్పదనం ఒక్కటే: మొదట చూసేది ఆమె. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తేల్చేదీ ఆమే.

కొత్త డబ్బా ఆ ఒక్క హక్కునే వెనక్కి లాక్కుంటోంది. గీతను ఫోను చదువుతుంది, ఫోను యాప్‌కు చెబుతుంది, యాప్ ఇంకెవరికో చెబుతుంది. అండం స్ట్రిప్పులను ఫొటో తీసి చదివే ప్రీమామ్ అనే యాప్, తన వాడకందార్ల వివరాలను వేరే కంపెనీలకు చేరవేసిందని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి జరిమానా కట్టించింది. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. ఫోను పాస్‌వర్డ్ భర్తకు తెలుసు, భర్త ఫోను పాస్‌వర్డ్ అత్తమ్మకు తెలుసు.

కాబట్టి అమ్మాయిలూ, స్ట్రిప్ కావాలంటే కొనుక్కోండి, రోజులు లెక్కపెట్టుకోవడానికి అది పనికొస్తుంది. నెలసరి గాడి తప్పితే థైరాయిడ్ చూపించుకోండి. ఏఎంహెచ్‌కు మాత్రం డాక్టరు కారణం చెప్పి రాస్తే తప్ప రక్తం ఇవ్వకండి, ఇచ్చినా రిపోర్టు ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. ముప్పై అయిదు లోపు ఉంటే ఏడాది, దాటితే ఆర్నెల్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇద్దరూ అన్నాను, మీరూ మీ అమ్మా అనలేదు. అత్తమ్మలూ, మీకూ ఒక మనవి. కోడలి చేతికి స్ట్రిప్ ఇచ్చే రోజునే కొడుకు చేతికి డబ్బా ఇవ్వండి. రెండు నుంచి ఏడు రోజులు నియమంగా ఉండాలి, నమూనా గంటలోపు ల్యాబుకు చేరాలి, రిపోర్టు చాలాచోట్ల అదే రోజు ఇస్తారు. మీటింగుకు అడ్డం రాదు.